అరగీత అక్షరం కోసం కెనడా దాకా

కెనడా నుంచి తిరిగొచ్చాక కలిసినవాళ్ళందరూ ముందు నయాగరా గురించే అడిగారు. చూడలేదు. నేనున్న హామిల్టన్ నుంచి అది గంట ప్రయాణం. తీసుకెళ్తామన్నవాళ్ళూ ఉన్నారు. కాని ఆ రెండు వారాలూ నా మనసు ఒక అక్షరం తల మీద ఉండే సగం గీత దగ్గరే ఆగిపోయింది. జలపాతం చూసే స్థిమితం లేదు. కాబట్టి వెళ్ళనివారి కోసం రాస్తున్న ఈ కథనంలో నయాగరా ఉండదు. ముందే చెప్పడం మంచిది.

చదువైన కొత్తలో నేను ఇథియోపియాలో ఐదేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. ఆ రోజుల్లో మన దేశం నుంచి చాలామంది టీచర్లు అక్కడికి వెళ్ళేవారు. కాకినాడలో మా చర్చి నుంచే ముగ్గురం వెళ్ళాం. నాది దక్షిణాన కొండల్లో ఉన్న ఒక మిషను బడి. ఆవరణలోనే చిన్న అచ్చాఫీసు ఉండేది. అక్కడ నాకు దొరికిన స్నేహితురాలు అల్మాజ్. ఆమె నాన్నగారు బడికి పెద్ద మాస్టారు. ఆ కొండల్లో మాట్లాడే చిన్న భాషకు మొదటి వాచకం తయారుచేసింది ఆయనే. ఆ భాష పేరు ఇక్కడ రాయను. వాళ్ళ దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

ఇథియోపియా లిపి మనకు పరాయిదనిపించదు. మనకు గుణింతం ఉన్నట్టే వాళ్ళకు ప్రతి హల్లుకూ ఏడు రూపాలుంటాయి. పిల్లలు హ, హు, హి, హా అంటూ ఏడేసి చొప్పున గొంతెత్తి వల్లిస్తారు. దేశంలో ఎక్కువమంది వాడే అక్షరాలు కంప్యూటర్లలోకి ఎప్పుడో చేరాయి. అంటే ఒక్కో అక్షరానికి ఒక నంబరు ఇచ్చారు, ఆ నంబరు ప్రపంచంలో ప్రతి ఫోనుకూ తెలుసు. యూనికోడ్ అంటే అదే. మన తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుకున్న కాలంలో ఒకరి ఫైలు ఇంకొకరి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. మా చర్చి మాసపత్రిక ప్రూఫులు ఏళ్ళ తరబడి దిద్దినదాన్ని కనుక ఆ బాధ నాకు తెలుసు.

అల్మాజ్ వాళ్ళ భాషలో ఒక అక్షరానికి మాత్రం నంబరు లేదు. వాళ్ళ క తల మీద నిండుగా అడ్డగీత పెడితే ఒక అక్షరం అవుతుంది. అది దేశంలో అందరికీ ఉంది. అదే గీత కుడివైపు సగమే ఉంటే ఇంకో అక్షరం. అది ఈ భాషకే ఉంది. వాళ్ళు నీళ్ళను పిలిచే మాటలోనే ఉంది. ఫోనులో రాసి పంపితే అవతలివాళ్ళకు అది ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె కనిపిస్తుంది. విసిగిపోయి కుర్రవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవడం మొదలుపెట్టారు. అల్మాజ్ కూతురు హిరుత్ ఆ అక్షరానికి నంబరు ఇవ్వమని యూనికోడ్ సంస్థకు దరఖాస్తు పెట్టింది. పరిశీలకులు ఒక సందేహం అడిగారు. ఇది నిజంగా వేరే అక్షరమా, లేక అరిగిపోయిన సీసపు టైపుతో అచ్చు వేయడం వల్ల గీత సగం పోయిన పాత అక్షరమేనా?

వాళ్ళు అంత జాగ్రత్త పడటానికి కారణముంది. ఒకసారి నంబరిచ్చాక మళ్ళీ తీసేయడం ఉండదు. పేరులో తప్పు దొర్లినా మార్చరు. ప్రూఫులు దిద్దినవాళ్ళకు ఇంతకన్నా భయం పుట్టించే నియమం ఇంకొకటి ఉండదు.

ఆ వాచకం అచ్చయినప్పుడు అక్కడ పెద్దవాళ్ళుగా ఉండి ఇప్పుడు బతికి ఉన్నది అల్మాజ్, నేను. సాక్షిగా రమ్మన్నారు. వస్తానన్నాను. అన్న రోజు నుంచీ దిగులే. ఎందుకంటే ఆ అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటర్ నిండు గీత ఉన్న టైపు తీసుకుని, ఆకురాయితో ఎడమ సగం అరగదీయడం నా కళ్ళతో చూశాను. ఎందుకని అడగలేదు. ఈ సంగతి బయటపడితే పరిశీలకుల అనుమానమే నిజమవుతుందని భయం. దాచిపెట్టి సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. అల్మాజ్‌కు ఇది తెలుసో లేదో కూడా తెలియదు.

టొరంటో స్టేషనులో

దిగింది సెప్టెంబరు ఒకటిన. విమానంలో సగానికి పైగా మన విద్యార్థులే. టొరంటో రైల్వే స్టేషనులో ఏ మూల చూసినా ప్లాస్టిక్ తాడుతో కట్టిన పెద్ద పెట్టెలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో రాసిన మన ఊళ్ళ పేర్లు. బోర్డు ముందు నిలబడి హామిల్టన్ రైలు వెతుక్కుంటుంటే ఒకమ్మాయి పక్కకొచ్చింది. పేరు నవ్య, ఊరు ఖమ్మం, వచ్చి మూడు వారాలైందట. చంకలో కుక్కర్ పెట్టుకుని ఉంది.

"అమ్మమ్మా, మీరు కూడా సెప్టెంబర్ ఇంటేకేనా?" అంది.

"అవునమ్మా. లెక్కల్లో పీహెచ్‌డీ," అన్నాను.

ఒక్క క్షణం నమ్మింది, పాపం. తర్వాత నవ్వుతూ నా పెట్టె లాక్కుంది. "నాది ఒషావాలో డిప్లొమా. బేస్‌మెంట్ల ఆరుగురం ఉంటున్నం. మనిషికి నాలుగొందల యాభై. మీకు ఓకే అయితే ఏడో పరుపు ఏస్తం."

డాలరుకు అరవై రూపాయల లెక్కన నెలకు ఇరవై ఏడు వేలు, ఒక పరుపుకు. "కిటికీ ఉందా?" అన్నాను.

"ఉంది. అందులోకెళ్ళి చూస్తే నడిచేవాళ్ళ కాళ్ళు కనిపిస్తయి."

ఆమె పార్ట్‌టైమ్ జాబుకు ఎన్ని చోట్ల అప్లై చేసిందో, ఒక డోనట్ కొట్టు ముందు ఎంత పొడుగు క్యూ ఉందో చెబుతుంటే వింటూ ఆమె వెనకే రైలెక్కేశాను. ఒషావా తూర్పున ఉంది. హామిల్టన్ పడమర. రెండు స్టేషన్లు దాటాక గాని తెలియలేదు. యాభై ఏళ్ళుగా రైలెక్కే ముందు బోర్డు రెండుసార్లు చదివే అలవాటున్న నాకు ఇది మంచి శకునంగా తోచలేదు. నవ్య తన నంబరు నా ఫోనులో ఎక్కించి, దింపి, ఎదుటి ప్లాట్‌ఫారం చూపించింది. తలుపు మూసుకుంటుంటే "పరుపు అట్లనే ఉంచుతం అమ్మమ్మా," అని అరిచింది.

హామిల్టన్

ఒక పక్క సరస్సు, దాని అంచున ఉక్కు కర్మాగారాల పొగగొట్టాలు, ఇంకో పక్క గోడలా నిలబడ్డ గట్టు. ఆ గట్టును వాళ్ళు పర్వతమంటారు. మన వైపు దాన్ని మెట్ట అంటాం. హిరుత్ అక్కడి ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఇంటి తలుపు తీసింది అల్మాజ్. జుట్టంతా తెల్లబడింది, మనిషి సగమైంది. మెడ మాత్రం అప్పటిలాగే నిటారుగా ఉంది. ఇద్దరం ఒకరి భుజానికి ఒకరం భుజం తాకించుకున్నాం. అది వాళ్ళ పద్ధతి. మేం ఇంగ్లీషూ, ఇథియోపియాలో అందరూ వాడే అమ్హారిక్కూ కలిపి మాట్లాడుకున్న మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి పూట ఇంజెరా పెట్టింది. పుల్లగా పులిసిన పిండితో పళ్ళెమంత వెడల్పున పోసిన అట్టు అనుకోండి. ఒకవైపే కాలుస్తారు, తిప్పరు. మీద పప్పు, శనగపిండి కూర, ఆకుకూర వడ్డిస్తారు. అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. ఇష్టమైనవాళ్ళకు ముద్ద చేసి నోట్లో పెట్టడం మర్యాద. అల్మాజ్ నాకు పెట్టిన ముద్ద కారానికి కళ్ళు నీళ్ళు తిరిగాయి. "గుంటూరు దాకా వెళ్ళొచ్చినదానివి, దీనికేనా?" అంది. ఇంజెరా పిండి కొన్న దుకాణంలోనే గోంగూర కట్ట నాలుగు డాలర్లు. కొనలేదు.

మూడో రోజున హిరుత్ ఒక కాగితం టైపు చేసి తెచ్చింది. నేను సంతకం పెట్టాల్సిన వాంగ్మూలం. ఈ అక్షరాన్ని బడిలో నేర్పడం నేను చూశానని, ఇది పాతకాలపు చేతిరాత నుంచి వచ్చిందని అందులో ఉంది.

"చూశానని రాశావు. నేను చూడలేదమ్మా," అన్నాను. "పక్క గదిలో లెక్కలు చెప్పేదాన్ని. గోడ అవతల వల్లించడం వినబడేది. ఏ అక్షరం వల్లిస్తున్నారో నాకెలా తెలుస్తుంది? చేతిరాత సంగతి అసలే తెలియదు."

"ఐదేళ్ళు విన్నావు కదా," అంది అల్మాజ్.

"వినడం వేరు."

"నీకు అప్పటి బస్సు టికెట్టు ధర గుర్తుంటుంది. మా నాన్న పాఠం గుర్తుండదు."

హిరుత్ ఇద్దరి మధ్యా కాగితం పట్టుకుని నిలబడింది. "ఆంటీ, మీరెలా చెబితే అలా మారుస్తాను," అంది. "కాని పదమూడున బర్నబీలో పరిశీలకుల మీటింగ్. అది దాటితే ఇంకో అవకాశం ఎప్పుడో చెప్పలేరు. అమ్మకు ఇప్పటికే ఎనభై."

"నా వయసు మధ్యలోకి తేకు," అంది అల్మాజ్. నా వైపు చూడకుండా, "నీకు తెలిసినంతే రాయి రత్నా. రాయకపోయినా సరే," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు తెలిసినదంతా రాస్తే అందులో ఆకురాయి కూడా ఉంటుంది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. తర్వాత నాలుగు రోజులు ఇంట్లో మర్యాదగా మాట్లాడుకున్నాం. స్నేహితుల మధ్య మర్యాద ఎంత బరువో పడినవాళ్ళకు తెలుస్తుంది. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తురాక, అట్ట తీసి ఖాళీలు చూసుకునేదాన్ని.

ఒషావా

బడిలో ఆ వాచకం చదువుకున్నవాళ్ళు ఎవరైనా కెనడాలో ఉన్నారా అని హిరుత్‌ను అడిగాను. ఒక్కరున్నారంది. పేరు బిర్కే, ఒషావాలో ఉంటుంది. హిరుత్ ఇంతకుముందే ఆమెకు వాచకం పేజీ ఫొటో పంపిందట. 'నాకు తెలియదు, అచ్చుతప్పులా ఉంది' అని జవాబొచ్చిందట. అందుకే ఆమెను వదిలేశారు. ఆ పేరు వినగానే నాకు రెండో వరస బెంచీ గుర్తొచ్చింది. వెళ్ళి చూసొస్తానన్నాను. ఈసారి బోర్డు మూడుసార్లు చదివి తూర్పు రైలెక్కాను.

ఒషావా కార్ల ఊరు. బిర్కే అక్కడ కార్ల సీట్లకు కవర్లు కుట్టే పనిచేసి రిటైరైంది. తలుపు దగ్గరే నన్ను గుర్తుపట్టింది.

"టీచర్. మీరు నాకు భిన్నాలు చెప్పారు. ఇప్పటికీ రావు," అంది.

"మరి సీట్ల కొలతలు?"

"అవి మిషనే చూసుకుంటుంది. అందుకే అందులో చేరాను."

కాఫీ చేయడం మొదలుపెట్టింది. వాళ్ళకు కాఫీ అంటే గింజలు మన ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోయాలి. మొదటి విడతకే లేచి వస్తే ఇంటివాళ్ళను అవమానించినట్టు. గింజలు వేగుతుండగా వాచకం పేజీ చూపించాను. కళ్ళద్దాలు పైకెత్తి, దించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఇది ఆ నిండు గీత అక్షరమే టీచర్. సగం పడలేదు, అంతే."

ఇంత దూరం వచ్చి పరిశీలకుల మాటను నా విద్యార్థి నోటే విన్నాను. కాఫీ రెండో విడత తాగుతూ, ఇంటికి వెళ్ళి అల్మాజ్‌కు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. బిర్కే తన చిన్నప్పటి బడి సంగతులు చెబుతోంది. మాస్టారు కర్రతో బల్ల మీద కొడుతుంటే దానికి తగ్గట్టు అరిచేవాళ్ళమంది. అప్పుడు తట్టింది. మన ఎక్కాలైనా అంతే, పన్నెండో ఎక్కంలో ఏడోది అడిగితే ఆగిపోతాం. మొదటి నుంచి వల్లిస్తే నోరే చెప్పేస్తుంది.

"పేజీ పక్కన పెట్టు. అక్షరాలు మొదటి నుంచీ వల్లించు," అన్నాను.

"ఇప్పుడా? అరవై దాటినదాన్ని."

"నేను అడుగుతున్నాను కదా."

చెంచా తీసుకుని ట్రే అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది. మొదటి వరుస తడబడింది. రెండోది కుదురుకుంది. నాలుగైదు వరుసలయ్యాక కళ్ళు మూసుకుంది, ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. క వరుస ఏడూ అయ్యాయి. నిండు గీత వరుస రాగానే ఎడమ అరచేయి తల మీద బోర్లించింది. ఏడూ అయ్యాయి. చెయ్యి దిగింది. వెంటనే చూపుడు వేలు కుడి కణత మీద నిటారుగా నిలబడింది. ఆ వేలితో, గొంతు అడుగు నుంచి వచ్చే ఇంకో ధ్వనితో, ఇంకో ఏడు. వేలు దిగింది, తర్వాతి వరుసలోకి వెళ్ళిపోయింది.

చివరిదాకా ఆగి అడిగాను. "ఆ వేలేమిటి?"

"ఏ వేలు?"

"ఇప్పుడు కణత మీద పెట్టావే."

"పెట్టానా?" అని తన వేలు చూసుకుంది. చాలాసేపు చూసింది. "పెట్టకపోతే మాస్టారు కొట్టేవారు," అంది నెమ్మదిగా.

ఆనందం ఒక నిమిషమే మిగిలింది. ఆమె వల్లిస్తుండగా తీస్తున్నాననుకున్న వీడియో ఫోనులో లేదు. చెంచా ఫొటో ఒక్కటి ఉంది. నొక్కాల్సిన చోట కాకుండా పక్కన నొక్కాను. ఇంకోసారి వల్లించమని బతిమాలాను. ఈసారి బిర్కే తలగుడ్డ సర్దుకుంది, గొంతు సవరించుకుంది, కెమెరా వైపు చూస్తూ వల్లించింది. ధ్వనులన్నీ వచ్చాయి. వేలు మాత్రం ఆలస్యంగా లేచింది, అడిగితే పెట్టినట్టుగా. చూసేవాళ్ళు నేర్పించి చెప్పించారంటారేమోనని కొత్త బెంగ పట్టుకుంది.

వచ్చేటప్పుడు గుమ్మంలో ఇంకో ప్రశ్న అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది. "నువ్వు బడిలో చేరేసరికి ఈ వాచకం ఉందా?"

"ఉంది టీచర్. కొత్త పుస్తకాల వాసన ఇప్పటికీ గుర్తు."

అంటే ఆమె నేర్చుకున్నది వాచకం వచ్చాకే. కంపోజిటర్ అరగదీసిన టైపును చూసి మాస్టారు వరుస కట్టారో, మాస్టారు చెబితేనే కంపోజిటర్ అరగదీశాడో, ఈ వేలు తేల్చదు. స్టేషనుకు నవ్య వచ్చి కూర్చుంది. డోనట్ కొట్టులో జాబు రాలేదట, ఒక గోడౌనులో వచ్చిందట. "మీ పని అయిందా అమ్మమ్మా?" అంది. సగం అయిందన్నాను. "నాది కూడా సగమే. వారానికి మూడు షిఫ్టులే ఇచ్చిన్రు," అంది.

కొత్త సంవత్సరం రోజు

ఆ ఏడు ఇథియోపియా వారి కొత్త సంవత్సరం సెప్టెంబరు పదకొండున వచ్చింది. వాళ్ళ ఏడాదికి పదమూడు నెలలు, సంవత్సరాల లెక్క మనకంటే వెనక. గంటలు కూడా పొద్దు పొడవడంతో మొదలవుతాయి. మన ఉదయం ఏడు వాళ్ళకు ఒంటిగంట. అక్కడ పనిచేసిన మొదటి నెలలో నేను రెండుసార్లు క్లాసు పోగొట్టుకున్నాను.

అల్మాజ్ ఏడు డాలర్లు పెట్టి పసుపు పువ్వులు కొని గుమ్మంలో పెట్టింది. వాళ్ళ కొండల మీద ఈ రోజులకు పూసే పువ్వు ఇక్కడ దొరకదు, రంగు కుదిరింది చాలంది. బిర్కే వీడియో అప్పటికి చూపించాను. రెండోసారి చూసి, "మా నాన్న కర్ర చప్పుడులాగే కొడుతోంది," అంది. కణత మీద వేలు రాగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. "అల్మాజ్, అచ్చాఫీసులో..." అని మొదలుపెట్టాను.

"అచ్చాఫీసులో ఏమిటి?" అంది చాలా త్వరగా.

"ఏం లేదు. అక్కడి సిరా వాసన గుర్తొచ్చింది."

"కాఫీ ఇంకొంచెం పోస్తాను," అంది. అప్పటికి మూడు విడతలూ అయిపోయాయి. నాలుగో విడత అనేది లేదు.

బర్నబీ

హిరుత్‌కు ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. ముసలివాళ్ళం ఇద్దరమే పన్నెండున విమానమెక్కి దేశం ఆ చివరికి వెళ్ళాం. బర్నబీ వాంకూవరును ఆనుకుని ఉంది. అడవులు తగలబడిన పొగ వల్ల కొండలు కనబడలేదు. అక్కడ మాకు దిక్కు కిరణ్. హైదరాబాదు అబ్బాయి, అమెరికాలో కొన్నేళ్ళు పనిచేసి ఇటు వచ్చాడు. ఆ అరగీత అక్షరానికి ఫాంటు గీసింది అతనే. సమావేశంలో చూపించాల్సిన పేజీలన్నీ అతని లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. పొద్దున పదింటికి మా వంతు, కొండ మీది యూనివర్సిటీలో. మమ్మల్ని కారులో తీసుకెళ్తానన్నాడు. ఎన్నింటికి రావాలో అల్మాజే ఫోను చేసి చెప్పింది.

తొమ్మిదికి గెస్ట్‌హౌస్ ముందు నిలబడ్డాం. తొమ్మిదింపావు అయింది. కారు లేదు. కిరణ్‌కు ఫోను చేస్తే తీయలేదు.

"ఎన్నింటికి రమ్మన్నావు?" అన్నాను.

"మూడింటికి."

ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. నలభై ఏళ్ళు కెనడాలో ఉన్న మనిషి, కంగారులో వాళ్ళ ఊరి గంట చెప్పింది. వాళ్ళ మూడు మన తొమ్మిది.

"మూడంటే మధ్యాహ్నం మూడనుకుంటాడు," అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావు. వినలేదా?"

"విన్నాను. నాకు తొమ్మిదనే వినిపించింది." నిజమే. ఐదేళ్ళ అలవాటు నా చెవికి కూడా ఇంకా పోలేదు.

బస్సుస్టాపుకు నడిచాం. కాలేజీలు తెరిచిన కొత్త. విద్యార్థులు రోడ్డు మలుపు దాకా వరుసలో ఉన్నారు. మొదటి బస్సు నిండిపోయి ఆగకుండానే వెళ్ళింది. రెండోదీ అంతే. అల్మాజ్ వాచకాన్ని రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని నిలబడింది. ఎవరినీ తోసుకు వెళ్ళే అలవాటు మా ఇద్దరికీ లేదు. వెనక నుంచి ఒక పంజాబీ కుర్రాడు ముందున్నవాళ్ళకు ఏదో చెప్పాడు. వరుస మొత్తం పక్కకు జరిగింది. మూడో బస్సులో తలుపు పక్కన ఇద్దరికీ చోటు దొరికింది. టికెట్టు గీకే కార్డు ఎలా పెట్టాలో తెలియక తడుముకుంటుంటే డ్రైవరు చెయ్యూపి వెళ్ళమన్నాడు.

పది దాటి పది నిమిషాలకు గదిలో అడుగుపెట్టాం. గుండ్రటి బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. పొట్టి తెల్ల జుట్టావిడ అధ్యక్షురాలు. మా ముందు వంతు ఇంకా నడుస్తోంది. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు. మా పేరు పిలిచేసరికి కిరణ్ ఇంకా రాలేదు. అల్మాజ్ వాచకం తెరిచి ఆవిడ ముందు పెట్టింది. నేను ఫోను తీసి బిర్కే వీడియో పెట్టాను. చిన్న ఫోను చుట్టూ అందరూ తలలు దగ్గరపెట్టి విన్నారు. ఒకాయన ఆ రెండు వరుసలూ మళ్ళీ వినిపించమన్నాడు. ఇంకోసారి అన్నాడు. వేలు ఆలస్యంగా లేవడం గురించి ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళ ధ్యాస ధ్వని మీద ఉంది.

అంతలో కిరణ్ పరుగున వచ్చాడు. "సారీ ఆంటీ, మూడింటికి అంటే మీటింగ్ ఆఫ్టర్‌నూన్‌కి షిఫ్ట్ అయిందనుకున్నా. మిస్డ్ కాల్స్ ఇప్పుడు చూశా," అని నాతో గొణిగి లాప్‌టాప్ తెరిచాడు.

అధ్యక్షురాలు వాచకం మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నేను కాకినాడ నుంచీ మోసుకొచ్చిన ప్రశ్నే అడిగింది. "ఈ టైపు ఎక్కడ పోత పోయించారు?"

చెప్పాలి. ఇక తప్పదు. అల్మాజ్ నన్ను క్షమించకపోయినా చెప్పాలి. నోరు తెరిచాను.

"పోయించలేదు," అంది అల్మాజ్. "ఉన్న టైపునే అరగదీశారు."

"నిండు గీత ఉన్నదానిలో ఎడమ సగం. ఆకురాయితో," అన్నాను నేను.

అల్మాజ్ గిరుక్కున నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"చూశాను. నీకు తెలుసా?"

"దీపం పట్టుకున్నది నేనే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా కాగితాలు చూసుకున్నారు. మేం చెప్పేది రాసుకుంటున్న కిరణ్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఇది రాయాలో వద్దో అతనికి తెలియలేదు.

అల్మాజ్ అటు తిరిగి మిగతాది చెప్పింది. వాళ్ళ నాన్నగారు నల్లబల్ల మీద ఆ అక్షరానికి తలపై చుక్క పెట్టి నేర్పేవారట. వాచకం వేద్దామంటే ఆ చుక్క ఉన్న టైపు ప్రపంచంలో ఎక్కడా లేదు. విదేశంలో పోయించడానికి మిషను దగ్గర డబ్బు లేదు. అప్పుడు కంపోజిటర్ అన్నాడట, సీసానికి చుక్క అతికించలేను, ఉన్నదాంట్లోంచి తీయగలను అని. సగం గీత తీసి చూపిస్తే మాస్టారు మర్నాటి నుంచి నల్లబల్ల మీద చుక్క మానేసి సగం గీతే రాశారు. పిల్లల వేలు కూడా నడినెత్తి మీద నుంచి కణత మీదికి జరిగింది.

"మా వాళ్ళంతా ఈ రూపం మా నాన్నదే అనుకుంటారు. అరగదీసిన సంగతి చెబితే మీరు ఇది విరిగిన టైపంటారని భయపడ్డాను," అంది.

అధ్యక్షురాలు భూతద్దం పక్కన పెట్టింది. "ఈ రూపం ఎవరిదని మేం అడగలేదు. మీరు దీన్ని వేరే అక్షరంగా చూస్తారా లేదా అన్నదే అడిగాం," అంది. "అరిగిపోవడం వేరు, కావాలని అరగదీయడం వేరు. ఇది పత్రంలో తప్పకుండా ఉండాలి."

తర్వాత వాళ్ళలో వాళ్ళు కొంతసేపు మాట్లాడుకున్నారు. ఏడు రూపాలనూ తుది నిర్ణయం తీసుకునే పైసభకు సిఫారసు చేస్తామన్నారు. అక్కడ ఒప్పుకుంటే ఫోన్లలోకి రావడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుందట. అల్మాజ్ తల ఊపింది. బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకొకటి," అంది అధ్యక్షురాలు. "ఆ కంపోజిటర్ పేరు రాయండి. సాయంత్రంలోగా పంపితే చాలు."

నేను అల్మాజ్ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఆయన్ను మేమంతా గాషే అనేవాళ్ళం. వయసులో పెద్దాయనను గౌరవంగా పిలిచే మాట అది, మన బాబాయిగారు లాగా. బయట వరండాలో కూర్చుని బిర్కేకు ఫోను చేశాం. "గాషే కదా," అంది. హిరుత్ ద్వారా వాళ్ళ ఊళ్ళో ఇద్దరికి చేయించాం. వాళ్ళూ అదే అన్నారు. ఆయన వేళ్ళకు ఎప్పుడూ ఉండే సిరా, వానకాలంలో దగ్గు, అందరికీ గుర్తున్నాయి. పేరు ఎవరికీ గుర్తు లేదు. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది.

నాలుగున్నరకు కిరణ్ మా వాంగ్మూలం తిరగరాసిన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మా పక్కన కూర్చున్నాడు. "ఆంటీ, నేమ్ అన్‌నోన్ అని పెట్టేయనా? అందరూ అలాగే పెడతారు," అన్నాడు.

అతనన్నది అల్మాజ్‌కు చెప్పాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలియదని రాయొద్దు. మాకు తెలుసు. మరిచిపోయాం. అలాగే రాయమను."

కిరణ్ నా వైపు చూశాడు.

"అలాగే రాయి బాబూ," అన్నాను.

రాశాడు. రెండుసార్లు చదివి కింద సంతకం పెట్టాను.